పుట్ట మీద బోర్లించిన కుండ

అడవి అంచు పల్లెల్లో కోడిపిల్ల బతుకుతుందా చస్తుందా అన్నది మొదటి ఆరు వారాల్లోనే తేలిపోతుంది. పెట్ట ఇరవై ఒక్క రోజులు పొదిగి పది పన్నెండు పిల్లల్ని దింపుతుంది. గద్ద ఒకదాన్ని ఎత్తుకుపోతుంది, ముంగిస ఒకదాన్ని పట్టుకుపోతుంది, వానకు తడిసి ఒకటో రెండో ముడుచుకుపోతాయి. మిగిలినవాటిని నిలబెట్టేది మేతే. ఇంట్లో ఉండేవి నూకలు, తవుడు, గుప్పెడు జొన్నలు. వాటితో కడుపు నిండుతుంది గానీ, ఈకలు రావడానికీ ఎముక ముదరడానికీ కావలసిన మాంసకృత్తులు చాలవు. గోదావరికి ఇవతల అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి మొదలుకొని అవతల దుమ్ముగూడెం, చర్ల, శబరి ఒడ్డున చింతూరు దాకా పరుచుకున్న ఈ నేల మీద ఆ లోటు తీర్చింది చెదపురుగు.

చెదను పట్టే పద్ధతి చెప్పడానికి సులువే, చెయ్యడానికి ఓపిక కావాలి. మూతి విరిగిందో, పక్కన చిల్లి పడిందో, వంటకు పనికిరాని పాత కుండ ఒకటి తీసుకుంటారు. అందులో సగం చివికిన వరిగడ్డి, ఎండిన పేడ పెళ్ళలు, చిరిగిన గోనెపట్టా ముక్క కుక్కి నీళ్ళు చిలకరిస్తారు. మరీ తడిస్తే లోపల కుళ్ళిపోయి చెద రాదు, పొడిగా ఉన్నా రాదు. పిడికిట్లో పట్టి పిండితే చుక్క కారకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. పుట్ట పక్కనో, మట్టి దారులు పాకిన చెట్టు మొదట్లోనో పైపెచ్చు పారతో గీకి, కుండను బోర్లించి, ఎండ తగలకుండా మీద ఆకులు కప్పుతారు.

రాత్రంతా చెద కింది నుంచి ఎక్కి గడ్డిలో సన్నటి మట్టి గూళ్ళు కట్టుకుంటుంది. తెల్లవారాక ఎండ ఎక్కకముందే కుండ ఎత్తాలి. ఆలస్యమైతే వేడికి చెదంతా తిరిగి నేలలోకి దిగిపోతుంది. లేదంటే చీమలు పసిగట్టి ముందే దోచుకుంటాయి. కుండను చేటలోకి దులిపితే తెల్లటి రాశి కదులుతూ రాలుతుంది. పెట్ట ఒక్క పిలుపు పిలిస్తే చాలు, పిల్లలన్నీ చేట చుట్టూ మూగుతాయి. గింజ ముందు తల్లి నేర్పేదాకా తడుముకునే పిల్ల కూడా కదిలే పురుగును వెంటనే పొడుస్తుంది.

దులిపాక కుండలో మిగిలిన గడ్డీ పేడా మట్టీ పెంటకుప్పకు పోతాయి. ఎవరికీ అక్కర్లేని చెత్త ఒక్క రాత్రిలో కోడిపిల్లకు మేతైంది, మిగిలింది చేనికి ఎరువైంది. ఈనాడు ప్రయోగశాలలూ కంపెనీలూ పురుగుల పెంపకం పేరుతో చేస్తున్న పని కూడా ఇదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ పనికి పేరు లేదు, జీతం లేదు, లెక్క లేదు. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు పొద్దున్నే చేసే పనుల్లో ఇదొకటిగా ఉండిపోయింది. చరిత్రలోకి ఎక్కకపోవడానికి అదే కారణం. అయినా దీనికొక చరిత్ర ఉంది, అది ఈ ప్రాంతపు చరిత్రతో పెనవేసుకుని ఉంది.

పశ్చిమ ఆఫ్రికాలో టోగో, బుర్కినాఫాసో, బెనిన్ పల్లెల్లో కూడా రైతులు కుండనో సొరబుర్రనో తడి పేడతో, చొప్పతో నింపి చెద ఉన్నచోట బోర్లిస్తారు. నాటుకోడి పిల్లలకు, గినీ కోళ్ళకు ఆ చెద వేస్తారు. పరిశోధకులు అక్కడికి వెళ్ళి రాసుకున్నారు, శాస్త్ర పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో తినదగిన పురుగుల మీద పెద్ద నివేదిక ప్రచురించాక, పురుగు అంటే పంటకు శత్రువని మాత్రమే అనుకునే ప్రపంచం కొంచెం ఆగి చూసింది. తెలుగు నేల మీద ఇదే కుండ గురించి రాసినవాళ్ళు తక్కువ.

పుట్ట లోపల జరిగేది తెలిస్తే కుండ కిటుకు ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది. ఈ అడవుల్లో పెద్ద పుట్టలు లేపేది ఓడోంటోటెర్మిస్ ప్రజాతి చెద. ఎండుటాకు, పుల్ల, పేడ, గడ్డి లోపలికి మోసుకుపోతుంది గానీ వాటిని నేరుగా అరిగించుకోలేదు. నమిలి, విసర్జించి, ఆ ముద్దతో గదుల్లో మళ్ళు కట్టి వాటి మీద ఒక రకం బూజును సాగుచేస్తుంది. ఆ బూజు పీచును మెత్తబరుస్తుంది, చెద దాన్ని తింటుంది. వానలు పడ్డాక పుట్ట పైకి పొడుచుకొచ్చే గొడుగులు ఆ మడుల్లో పుట్టినవే. కోయలైనా కొండరెడ్లైనా మైదానం నుంచి వచ్చి స్థిరపడిన రైతులైనా వాటిని వండుకోకుండా వదలరు. అంటే మనిషి నాగలి పట్టడానికి ఎంతో ముందే ఇక్కడ ఒక సాగు నడుస్తోంది. కుండలో కుక్కే సగం చివికిన గడ్డి ఆ సాగుకు సరిపడే ముడిసరుకు కాబట్టే చెద అంత త్వరగా ఎక్కుతుంది.

తొలకరి జల్లులకు రెక్కలొచ్చి పుట్టలోంచి లేచే ఉసిళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. పుట్ట మీద బట్ట కప్పి ఒక్క కంత వదిలి, దాని ముందు దీపం పెట్టి పట్టేవాళ్ళున్నారు. రెక్కలు చెరిగి, ఉప్పేసి వేయించుకుని బొరుగుల్లో కలుపుకుని తింటారు. దీపాల కింద రాలినవి పొద్దున్నే కోళ్ళ పాలు. పాడేరు వైపు మన్యంలో ఈత చెట్టు మొవ్వులోంచి తీసే బొడ్డెంగు పురుగులను ఇప్పటికీ ఇష్టంగా తింటారు. పురుగు తినడం వింత అనుకోవడం ఈ ప్రాంతానికి బయటి నుంచి వచ్చిన అలవాటు.

పుట్టమన్నుకూ పనులున్నాయి. లోతుల్లోంచి చెద మోసుకొచ్చే బంకమన్ను అది. సాధారణంగా చుట్టుపక్కల పైమట్టి కంటే బంక ఎక్కువ, సున్నం పాలు కూడా ఎక్కువ. పాడైన పుట్టను తవ్వి బీర పాదులకు, సొర పాదులకు వేసుకుంటారు. కళ్ళం అలకడానికి, గోడ మెత్తడానికి వాడతారు. తెలంగాణ పెళ్ళిళ్ళలో పుట్టబంగారం తేవడం ఒక తంతు. భద్రాచలం రామాలయంలో శ్రీరామనవమి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేటప్పుడు మృత్సంగ్రహణం చేస్తారు. మట్టి సేకరించి తెచ్చి, పాలికల్లో పోసి, నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. ఈ తంతుకు పుట్టమన్ను శ్రేష్ఠమని ఆలయ సంప్రదాయం. ఈ నమ్మకం వెనుక మట్టిని చూసిన కళ్ళున్నాయి. ఇప్పటి ప్రకృతి వ్యవసాయంలో జీవామృతం కలిపే రైతు 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవుపేడ, పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి వేసి, చివర గుప్పెడు గట్టు మన్నో పుట్టమన్నో కలుపుతున్నాడు. రసాయనం తగలని మట్టిలోని సూక్ష్మజీవుల కోసం ఆ గుప్పెడు.

చెద కుండ ఒక సగమైతే, పెంటకుప్ప రెండో సగం. ఇంటి వెనక గుంటలో పశువుల పేడ, పొయ్యి బూడిద, వంటింటి తుక్కు, పశువులు తినగా వదిలేసిన గడ్డి, పండిన తీగలు అన్నీ పడతాయి. అందులో ఈగ పిల్లలు, పేడపురుగులు, కొమ్ముపురుగు లార్వాలు పుడతాయి. బొటనవేలంత లావున తెల్లగా వంపు తిరిగి ఉండే ఆ లార్వా దొరికిందంటే కోడి దాన్ని నోట కరుచుకుని మిగతా కోళ్ళకు అందకుండా పరుగు పెడుతుంది. రోజంతా కోళ్ళు కుప్పను కెలకడం వల్ల లోపలికి గాలి ఆడుతుంది, కుప్ప త్వరగా మాగుతుంది, కొమ్ముపురుగు పెరిగి పెద్దదై తాటిచెట్ల మీదికీ కొబ్బరిచెట్ల మీదికీ పోకుండా తగ్గుతుంది. ఎండాకాలంలో కుప్పను బండ్లకెత్తి చేలకు తోలతారు. వేసవిలో పెంట తోలని చేనికి పంట మీద ఆశ పెట్టుకోకూడదని రైతులు అంటారు. ఆ పెంటలో కోడికీ పురుగుకూ ఉన్న వాటా గురించి వ్యవసాయ పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు.

ఈ నేలకు రాతలో ఉన్న చరిత్ర పన్నులతో మొదలవుతుంది. గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860 ఒడంబడికలో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వాళ్ళకు వెళ్ళాయి. మొదట మధ్య పరగణాల కింద ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి గట్టున పాల్వంచ నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. ఒక నది, రెండు దొరతనాలు, రెండు గట్ల మీదా అదే కోయలు, అదే కొండరెడ్లు.

దుమ్ముగూడెంలో ఉన్న క్రైస్తవ మతప్రచారకుడు జాన్ కెయిన్ 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. కోయల పండుగలు, పెళ్ళిళ్ళు, చావులు, నమ్మకాలు అందులో వివరంగా ఉన్నాయి. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు తెచ్చినప్పుడు కోయల అధ్యాయానికి కెయిన్ రాతల మీద బాగా ఆధారపడ్డాడు. 1907 నాటి హెమింగ్‌వే గోదావరి జిల్లా గెజెటీరు రేకపల్లి అసంతృప్తికి కారణం చెబుతుంది: మధ్య పరగణాల పాలనలో పోడుకు గొడ్డలికి నాలుగణాల చొప్పున ఉన్న పన్నును మద్రాసు ప్రభుత్వం బాగా పెంచింది, కొన్ని జాతుల చెట్లు కొట్టకూడదంది. 1879 రంప పితూరీ ఇటు రేకపల్లి దాకా పాకడానికి అదొక కారణం.

గొడ్డలి మీద పన్ను వేయగలిగారు, కలప లెక్కించగలిగారు. కుండ కింది చెదను, కుప్ప మీది కోడిని లెక్కించాలని ఏ కచేరీకీ తోచలేదు. అందుకే ఈ చరిత్రను ఉన్న రాతల పక్కన చోటు చూసుకుని చెప్పుకోవాల్సి వస్తోంది.

1941 ప్రాంతంలో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పాపికొండల దగ్గర గోదావరి రెండు గట్ల మీదా కొండరెడ్ల మధ్య ఉండి చూశాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకం వాళ్ళ పోడు వ్యవసాయాన్ని దగ్గరగా చూపిస్తుంది. చెట్లు నరికి, కాల్చి, బూడిదలో గునపపు కర్రతో గుంట పొడిచి విత్తే సాగు అది. ఎరువు బండ్లకెత్తి తోలే సాగు కాదు. బూడిదే ఎరువు, రెండు మూడేళ్ళ తర్వాత కొత్త చోటికి మారడమే నేలకు విశ్రాంతి. పోడు తగ్గి, ఒకే చెలకను ఏటా దున్నాల్సి వచ్చినప్పుడే పెంటకుప్ప విలువ కొండ మీదికి ఎక్కింది. అడవి చట్టాలు ఎంత బిగిస్తే పశువుల పేడ, చెత్త, పుట్టమన్ను మీద ఆధారం అంత పెరిగింది.

కోడికి ఇక్కడ ఉన్న చోటు మైదానం వాళ్ళకు వెంటనే అర్థం కాదు. విత్తనాలు చల్లే ముందు జరిపే భూమి పండుగకు కోడి కావాలి. కొత్త పంట నోట్లో పెట్టుకునే కొత్తల పండుగకు కోడి కావాలి. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కు తీర్చుకోవాలన్నా, ఇంటికి చుట్టం వచ్చినా, జబ్బు చేస్తే వడ్డెను (కోయ పూజారిని) పిలిచినా కోడే. చేతిలో డబ్బు లేనప్పుడు సంతకు పట్టుకెళ్ళేదీ కోడినే. ఆ డబ్బు చాలాసార్లు ఇంటి ఆడమనిషి చేతిలోనే ఉంటుంది. ఉప్పు, నూనె, పిల్లవాడి బలపం దానితోనే వస్తాయి. అంటే కుండ బోర్లించిన చెయ్యి వెనుక ఒక సంసారపు ఆర్థికం ఉంది.

పెట్ట లేని ఇల్లు పెట్ట ఉన్న ఇంటి నుంచి వాటాకు తెచ్చుకుంటుంది. పొదిగించి, సాకి, పిల్లలు పెద్దయ్యాక సగం సగం పంచుకుంటారు. తూర్పుగోదావరి మన్యంలో అంత్ర సంస్థ ఆసిల్ కోళ్ళ మీద పనిచేసినప్పుడు ఈ వాటా పద్ధతినే ఊతంగా తీసుకుంది. కొత్త పథకం తయారుచేసి జనం మీద పెట్టకుండా, ఉన్న ఆచారానికి కొక్కెర తెగులు టీకాలు జోడించారు. ఇది ఈ ప్రాంతంలో జరిగిన తెలివైన పనుల్లో ఒకటి. కాకి, డేగ, నెమలి, సీతువా అని రంగును బట్టి పిలిచే ఈ ఆసిల్ పుంజుల కోసం సంక్రాంతి ముందు గోదావరి డెల్టా నుంచి కొనేవాళ్ళు కొండల్లోకి వస్తారు. చెద తిని పెరిగిన పుంజుకు కండ గట్టిదని అమ్మేవాడూ చెబుతాడు, కొనేవాడూ నమ్ముతాడు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఎండబెట్టిన చెదలో మాంసకృత్తులూ కొవ్వూ దండిగా ఉంటాయన్నది తూచి చూసిన మాట.

ప్రభుత్వం కళ్ళకు ఆనిన పురుగు ఈ అడవుల్లో ఒకటుంది. అది దసలి పట్టు పురుగు. నల్లమద్ది, ఏరుమద్ది ఆకు తిని చెట్టు మీదే గూడు కడుతుంది. గుడ్లు పొదిగించి, పిల్ల పురుగుల్ని మద్దిచెట్ల మీదికి ఎక్కించి, అవి గూళ్ళు కట్టేదాకా పిట్టల నుంచీ చీమల నుంచీ కందిరీగల నుంచీ కాపలా కాయాలి. ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అడవుల్లో దొరికే రకానికి పట్టు శాస్త్రవేత్తలు ఆంధ్రా లోకల్ అని పేరు పెట్టారు. వరంగల్‌లో పరిశోధన కేంద్రం వచ్చింది, మహదేవపూర్‌లో నేత స్థిరపడింది. గూడు ఉడికించి దారం తీశాక మిగిలే ప్యూపాలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. పట్టు తీసే చాలా ప్రాంతాల్లో దాన్ని చేపలకు, కోళ్ళకు మేతగా, పొలానికి ఎరువుగా వాడడం పాత అలవాటు. మధ్య భారతపు అడవి బిడ్డలు దాన్ని వండుకు తింటారు కూడా. దారానికి ధర ఉంది కాబట్టి దసలికి శాఖ ఉంది, సబ్సిడీ ఉంది. చెదకు ధర లేదు.

పైగా చెదను చంపడానికి ధర వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక డీడీటీ, గమాక్సిన్ మన్యం గుడిసెల గోడలకు చేరాయి. ఆ వెనకే పొలానికి బీహెచ్‌సీ పొడి వచ్చింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారాయి. కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి గోదావరి లంకల్లో పొగాకు, ఆ తర్వాత మిర్చి వేశారు. మిర్చి మొక్క వేరు కొరికే చెద మీద రైతుకు కోపం రావడం సహజం. దుక్కిలో ఆల్డ్రిన్, బీహెచ్‌సీ చల్లడం పద్ధతైపోయింది. ఆల్డ్రిన్‌ను 1996లో, బీహెచ్‌సీని 1997లో ప్రభుత్వం నిషేధించేనాటికి అవి ఈ మట్టిలో దశాబ్దాలుగా పడుతున్నాయి. నేలలో అంత త్వరగా విచ్ఛిన్నం కాని మందులివి. తర్వాత క్లోరిపైరిఫాస్ ఆ చోటు తీసుకుంది. మందు చల్లిన చేను నుంచి చెద తెచ్చి వేస్తే కోడిపిల్లలు చస్తాయి. కాబట్టి కుండ అడవి వైపు జరిగింది. మిర్చి చేలున్న ఊళ్ళో చెద కోసం పెద్దలు కొంచెం దూరం నడవాల్సి వచ్చింది, పిల్లలు బడికెళ్ళిపోయారు, నడిచే ఓపిక తగ్గింది.

అదే కాలంలో కోడి కూడా మారింది. తెలుగువాడైన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాడు. 1982లో గుడ్ల సమన్వయ సంఘం ఏర్పాటుకూ ఆయనే ముందు నడిచాడు. కోడి షెడ్డులోకి వెళ్ళింది. మేత మొక్కజొన్న, సోయా, చేపపొడి. పెరటి కోళ్ళ పెంపకానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ వనరాజా రకాన్ని తయారుచేసింది. గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) ద్వారా, పశుసంవర్ధక శాఖ ద్వారా అది అడవి పల్లెలకు చేరింది. వనరాజా గుడ్లు ఎక్కువ పెడుతుంది, త్వరగా బరువు పెరుగుతుంది. పొదగడం మీద మాత్రం ఆసక్తి తక్కువ. పిల్లల్ని వెంటేసుకుని తిప్పి, పురుగు చూపించి, గద్ద నీడ పడితే రెక్కల కిందికి లాక్కునే తల్లి లేకపోతే బజారు దాణా సంచీ తప్పదు. గుడ్ల లెక్క ఒక్కటే చూసుకుంటే ఈ మార్పు లాభమే. కానీ తల్లికోడి, పుట్ట, కుండ, కుప్ప కలిసి నడిపిన పని దానితో తెగిపోయింది. ఆ నష్టాన్ని లాభం పక్కన రాసి చూసుకోవాల్సింది.

ఇక ఇప్పటి పురుగు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అమెరికా ఖండాల్లో పుట్టి, ఓడల సరుకులతో ఉష్ణదేశాలన్నిటికీ పాకిన ఈగ. మన దేశంలోనూ పెరటి పెంటల్లో కనిపిస్తుంది. నల్లగా, సన్నగా, కందిరీగను గుర్తుచేసే ఆకారంతో ఉంటుంది గానీ కుట్టదు, కరవదు. రెక్కలొచ్చాక మేత కోసం వంటింట్లోకి రాదు. నీళ్ళు తాగి, జతకట్టి, గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చనిపోతుంది. కుళ్ళే పదార్థం పక్కన పొడిగా ఉన్న పగులు వెతికి ఒక్కో ఈగ ఐదు వందల దాకా గుడ్లు పెడుతుంది. నాలుగు రోజుల్లో పిల్లలు. అవి రెండు మూడు వారాలు అన్నం, కూరగాయల తుక్కు, కుళ్ళిన పండ్లు ఆవురావురుమని తిని బలుస్తాయి. ముదిరాక రంగు నల్లబడి, తిండి మానేసి, పొడి చోటు కోసం తమంతట తామే గట్టెక్కి పాకుతాయి. ఏటవాలు గోడ కట్టి చివర బకెట్ పెడితే వాటంతట అవే వచ్చి పడతాయి. ఎండిన లార్వాలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం దాకా కొవ్వు. మిగిలిన పొడి ఎరువు.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు పరిశోధకులు 1977లోనే ఈ లార్వా పొడిని పందుల మేతలో వాడి చూసి రాశారు. ఐరోపా సమాఖ్య 2017లో చేపల మేతకు, 2021లో కోళ్ళ, పందుల మేతకు పురుగుల మాంసకృత్తులను అనుమతించింది. మన దగ్గర బెంగళూరు లూప్‌వార్మ్ వంటి కంపెనీలు పుట్టాయి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ రొయ్యల మేతలో చేపపొడి బదులు ఈ లార్వా పొడిని పరీక్షిస్తోంది. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, చేపల చెరువులు ఈ అడవి అంచు నుంచి కిందికి దిగితే కొల్లేటి చుట్టూ ఉన్నాయి. అంటే గిరాకీ దూరంలో లేదు. చెత్తను మరో దారిలో వాడుకున్న ఉదాహరణ హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్. అక్కడ కుళ్ళిన కూరగాయలతో బయోగ్యాస్, కరెంటు తీస్తున్నారు. పెద్ద మార్కెట్‌కు అది సరిపోతుంది. పది కోళ్ళున్న ఇంటికి కరెంటు కంటే పురుగే దగ్గర.

ఖమ్మం, భద్రాచలం వైపు ఈ ఈగను పెంచాలనుకునేవాళ్ళు ముందు ఇక్కడి ఎండను లెక్కలోకి తీసుకోవాలి. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. లార్వా బాగా తినేది 27 నుంచి 30 డిగ్రీల మధ్య. ఎండ దెబ్బకు గుడ్లు ఎండిపోతాయి. తాటాకు పందిరి, తడి గోనెపట్టాలు, మట్టి తొట్లు ఉంటే చిన్న స్థాయిలో నెట్టుకురావచ్చు. ఆ తడి ఎంత ఉండాలో చెద కుండ పట్టిన చెయ్యికి కొత్తగా నేర్పక్కర్లేదు. రెండో జాగ్రత్త చెత్త గురించి. పురుగు తిన్నదంతా కోడిపిల్ల కడుపులోకి పోతుంది కాబట్టి మందు కొట్టిన మిర్చి తుక్కు, ప్లాస్టిక్ కలిసిన మున్సిపాలిటీ చెత్త దీనికి పనికిరావు. మూడోది ఎవరి చేతిలో ఉండాలన్నది. పురుగుల షెడ్డు కాంట్రాక్టరు చేతికి పోయి, ఎరువు సంచీల్లో నిండి, అదే ఊరి ఆడవాళ్ళకు కిలో లెక్కన అమ్మడం మొదలైతే కోడి డబ్బు మళ్ళీ వాళ్ళ చెంగు దాటి పోతుంది. వాటా పద్ధతి ఈ ఊళ్ళలో ఇంకా బతికే ఉంది. పెట్ట వాటాకు తిరిగినట్టే గుడ్ల పెట్టె, తొట్టి వాటాకు తిరగగలవు.

కుండను అటకెక్కించి ఈగను తేవాలని దీని అర్థం కాదు. రెండు పురుగుల కాలాలు వేరు. చెద దొరికేది ఆషాఢం నుంచి కార్తీకం దాకా. చలి తిరిగి ఎండ ముదిరితే పుట్ట పైన గట్టిపడి, చెద లోతుకు దిగి, కుండ ఖాళీగా లేస్తుంది. ఫాల్గుణ చైత్రాల్లో దిగిన పిల్లలకు మేత కరువయ్యేది అందుకే. సరిగ్గా అప్పుడే భద్రాచలంలో నవమి వస్తుంది. కల్యాణం రోజు, మర్నాడు పట్టాభిషేకం రోజు వేల మంది భోజనాల విస్తరాకులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, అరటిపండ్ల తొక్కలు గుట్టలు పడతాయి. ప్లాస్టిక్ వేరు చేయగలిగిన తిండి చెత్త ఏడాదిలో ఇంత ఒక్కచోట మళ్ళీ దొరకదు. అన్నదానం వంటశాల దగ్గరే తుక్కును వేరుచేసి, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు మహిళా సంఘాల తొట్లకు రెండు మూడు రోజుల పాటు ఆటోల్లో చేరవేస్తే, రెండు మూడు వారాల్లో లార్వా సిద్ధం. వైశాఖంలో తిరిగే కోడిపిల్లలకు అది సరిగ్గా అందుతుంది. మిగిలిన ఎరువు ఏరువాక ముందు విత్తనాల గుంటల్లో పడుతుంది.